ఊరి పేరుతో మ్యాపు దొరకదు

గుంటూరు
ఆదివారం ఉదయం

అమ్మడూ,

నీ మెయిలు నాన్న చదివి వినిపించాడు. తర్వాత నేను కూడా నిదానంగా చదువుకున్నాను. నాగార్జునసాగర్ కట్టకముందు కృష్ణ లోయలో వాగులు ఎటు పారేవి, చెరువులు ఎక్కడెక్కడ ఉండేవి అన్నదాని మీద థీసిస్ తలపెట్టావని తెలిసి నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. అయితే చివర రాసిన మాట మాత్రం ఒప్పుకోలేను. లైబ్రరీ క్యాటలాగులో నాగార్జునకొండ అని, మాచర్ల అని, పలనాడు అని కొట్టి చూస్తే పుస్తకాలే వచ్చాయనీ, మన వైపు మ్యాపులు అక్కడ ఉండవనుకుంటున్నాననీ రాశావు. ఉన్నాయమ్మా. నువ్వు చదువుతున్న ఆస్టిన్‌లోనే ఉన్నాయి.

మీ యూనివర్సిటీలో పెరీ కాస్టనేడా లైబ్రరీ ఉంది కదా. 1977లో తెరిచారు దాన్ని. ఎర్విన్ పెరీ అనే సివిల్ ఇంజనీరింగ్ ఆచార్యుడు, కార్లోస్ కాస్టనేడా అనే చరిత్రకారుడు, ఆ ఇద్దరి పేర్లూ కలిపి పెట్టారు. పెరీ ఆ యూనివర్సిటీలో ప్రొఫెసర్ అయిన మొదటి నల్లజాతి మనిషి. నీ శాఖవాడే, అందుకే చెబుతున్నాను. ఆ లైబ్రరీ మ్యాపుల విభాగంలో రెండున్నర లక్షలకు పైగా షీట్లున్నాయి. వాటిలో వేలకొద్దీ స్కాన్ చేసి ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టారు. ఇక్కడ గుంటూరులో నా కంప్యూటర్ ముందు కూర్చుని రిటైరయ్యాక నేను ఎక్కువగా చూసింది ఆ షీట్లే. భారత్, పాకిస్తాన్ వరస, దాని పేరు యు 502. అమెరికా సైన్యం తాలూకు ఆర్మీ మ్యాప్ సర్వీసు 1950లలో కూర్చిన వరస. స్కేలు రెండున్నర లక్షలకు ఒకటి, అంటే కాగితం మీద సెంటీమీటరు నేల మీద రెండున్నర కిలోమీటర్లు.

మన పలనాటి మ్యాపు టెక్సాస్‌కు ఎలా చేరిందని నీకు అనిపించవచ్చు. రెండో ప్రపంచ యుద్ధంలో ఆర్మీ మ్యాప్ సర్వీసు భూగోళంలో చాలా భాగానికి మ్యాపులు తయారు చేసింది. ఒక్కో దేశం సర్వే సంస్థ వేసిన షీట్లను తెచ్చుకుని, వాటి ఆధారంగా తమ పద్ధతిలో మళ్ళీ గీయించింది. మన దేశం విషయంలో మూలం సర్వే ఆఫ్ ఇండియా షీట్లే. యుద్ధం అయిపోయాక మ్యాపులన్నీ ఒకచోటే ఉంచడం క్షేమం కాదనీ, యుద్ధకాలంలో విశ్వవిద్యాలయాలు చేసిన సాయానికి బదులు తీర్చాలనీ వాటి ప్రతులను దేశంలోని ఎన్నో యూనివర్సిటీ లైబ్రరీలకు పంచింది. అందుకే అమెరికాలో పెద్ద యూనివర్సిటీ ఏదైనా సరే, మ్యాపుల గదిలో మన జిల్లా షీటు ఒకటి ఉండే అవకాశం చాలా ఎక్కువ. తెలుగు పుస్తకాల కథ కూడా ఇంచుమించు ఇలాంటిదే. మనం గోధుమలు కొన్న పి.ఎల్. 480 ఒప్పందం కింద జమ అయిన రూపాయలతో 1962 నుంచి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాళ్ళు మన భాషల పుస్తకాలు కొని అక్కడి యూనివర్సిటీలకు పంపారు. ఇక్కడ పాత పుస్తకాల షాపుల్లో కూడా దొరకని తెలుగు పుస్తకం అక్కడి షెల్ఫులో దొరకడానికి కారణం అదే.

ఇక నీకు ఎందుకు దొరకలేదో చెబుతాను. పుస్తకానికి ఒక పేరు, ఒక రచయిత ఉంటారు కాబట్టి ఒక్కో పుస్తకానికి క్యాటలాగులో ఒక్కో నమోదు ఉంటుంది. టోపో షీట్లకు అలా కాదు. వందలు, ఒక్కోసారి వేల షీట్లున్న వరస మొత్తానికి కలిపి ఒకే నమోదు రాస్తారు. అందులో ఉండేది వరస పేరు, స్కేలు, తయారు చేసిన సంస్థ. మాచర్ల అన్న మాట ఆ నమోదులో ఎక్కడా ఉండదు. అంతెందుకు, షీటు మీద కూడా మాచర్ల పేరు శీర్షికగా ఉండనక్కర్లేదు. ఆ షీటులో పెద్ద పట్టణం ఏదైతే దాని పేరే షీటుకు పెడతారు. కాబట్టి ఊరి పేరు కొట్టడం మానేయి. భూమి మీద ఆ ఊరు ఉన్న చోటు ఏదో ముందు కనుక్కో. దాన్నిబట్టి షీటు నంబరు పట్టుకో. క్యాటలాగులో వరసను మాత్రమే వెతుకు. ఈ మూడు పనులూ ఈ క్రమంలోనే జరగాలి.

నీ విషయంలో లెక్క నేను చేసి పెడుతున్నాను, పద్ధతి అర్థమయ్యాక మిగతావి నువ్వే చేసుకోవాలి. నాగార్జునకొండ 16 డిగ్రీల 31 నిమిషాల ఉత్తర అక్షాంశం, 79 డిగ్రీల 14 నిమిషాల తూర్పు రేఖాంశం దగ్గర ఉంది. అంతర్జాతీయ పద్ధతిలో భూమధ్యరేఖ నుంచి ప్రతి నాలుగు డిగ్రీల అక్షాంశానికీ ఒక అక్షరం. ఏ, బి, సి, డి దాటాక 16 నుంచి 20 వరకు ఉన్న పట్టీ ఈ. ఉత్తరార్ధం కాబట్టి ముందు ఎన్. రేఖాంశంలో ప్రతి ఆరు డిగ్రీలకూ ఒక అంకె, 78 నుంచి 84 వరకు ఉన్నది 44. అంటే మన షీట్లు చాలావరకు ఎన్‌ఈ 44 కింద ఉంటాయి. హైదరాబాదు, బెజవాడ, గుంటూరు, విశాఖ అన్నీ అందులోవే. నెల్లూరు దిగువన ఎన్‌డి 44లో ఉంటుంది, ఇచ్ఛాపురం 84 దాటి ఎన్‌ఈ 45లోకి వెళ్ళిపోతుంది. ఆ పెద్ద గడిని అడ్డంగా నాలుగు, నిలువుగా నాలుగు చేస్తే 16 షీట్లు. ఒక్కోటి ఒక డిగ్రీ ఎత్తు, డిగ్రీన్నర వెడల్పు. పైన ఎడమ మూల నుంచి చదివే వరసలోనే ఒకటి, రెండు అని లెక్క. ఆ లెక్కన నాగార్జునకొండ 13వది అవుతుంది. ఇండెక్సు షీటు తీసి సరిచూసుకో.

సర్వే ఆఫ్ ఇండియా పాత పద్ధతి వేరు. అది నా ఉద్యోగమంతా నాతో ఉన్నది, నిద్రలో లేపి అడిగినా చెబుతాను. నాలుగు డిగ్రీలకు నాలుగు డిగ్రీల గడికి ఒక అంకె. 16 నుంచి 20, 76 నుంచి 80 ఉన్న గడి 56. దానిలో డిగ్రీకి డిగ్రీ చొప్పున ఏ నుంచి పి వరకు 16 షీట్లు. ఇక్కడ జాగ్రత్త. అక్షరాలు అడ్డంగా కాదు, పై నుంచి కిందికి దిగుతాయి. అలా హైదరాబాదు 56 కె, శ్రీశైలం 56 ఎల్, నాగార్జునకొండ 56 పి. గుంటూరు, బెజవాడ 80 దాటాయి కాబట్టి పక్క గడిలో 65 డి. ఒక్కో అక్షరాన్ని మళ్ళీ 16 చేస్తే పావు డిగ్రీ షీట్లు. అవే అంగుళానికి మైలు స్కేలు షీట్లు, తర్వాత యాభై వేలకు ఒకటిగా మారినవి. నాగార్జునకొండ 56 పి బై 2లో పడుతుంది. ఆనకట్ట నిలిచిన చోటు 56 పి బై 6లో. లోయ దక్షిణ భాగం బై 3లోకీ, బై 7లోకీ జారుతుంది. మనకు కావలసిన చోటు ఎప్పుడూ నాలుగు షీట్ల మూలనే ఉంటుందని మా డ్రాఫ్ట్స్‌మన్ ఒకాయన అనేవాడు. అది నిజమే. కాబట్టి ఒక్క షీటు అడగకు, చుట్టూ ఉన్నవి కూడా అడుగు.

నీకు ఏ స్కేలు కావాలన్నది చెరువు నిర్ణయిస్తుంది. మన వైపు ఒక మోస్తరు చెరువు నలభై ఎకరాలనుకో. నలభై ఎకరాలంటే పావు మైలుకు పావు మైలు. అంగుళానికి మైలు షీటులో అది పావు అంగుళం, కట్ట ఎటుందో, అలుగు ఎటుందో పోల్చుకోవచ్చు. యు 502లో అదే చెరువు ఒకటిన్నర మిల్లీమీటరు. వాగుల వరస చూడటానికి యు 502 చాలు, చెరువుల పరిమాణం తేల్చడానికి చాలదు. మీ గైడు ఇంటర్నెట్‌లో ఉన్నది చాలు కదా అంటే ఈ లెక్క చూపించు.

క్యాటలాగులో భారతదేశం, టోపోగ్రాఫిక్ మ్యాపులు, ఆర్మీ మ్యాప్ సర్వీసు అని కొట్టు. అలాగే సర్వే ఆఫ్ ఇండియా అని సంస్థ పేరుతో కొట్టు. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వర్గీకరణ వాడే చోట మ్యాపులన్నీ జి అక్షరం కింద ఉంటాయి. భారతదేశం 7650. చివరి అంకెను చూసి చాలా సంగతులు తెలుసుకోవచ్చు. సున్నా ఉంటే దేశం మొత్తం, 1 ఉంటే భూగర్భం, వ్యవసాయం లాంటి ఒక విషయం మీద వేసినవి, 2 ఉంటే నదులు, కొండలు లాంటి ప్రాంతాలు, 3 ఉంటే రాష్ట్రాలు, 4 ఉంటే నగరాలు. కాబట్టి కృష్ణా నది మీద విడిగా వేసిన మ్యాపు 7652లో, హైదరాబాదు నగరం మ్యాపు 7654లో ఉంటాయి. దాని తర్వాత ఎస్ 250 అని కనిపిస్తే కంగారుపడకు, అది స్కేలు, చివరి మూడు అంకెలు తీసేసి రాస్తారు. ఎస్ 63 అంటే అంగుళానికి మైలు వరస.

ఇంతవరకు వచ్చాక క్యాటలాగు కట్టేసి మనిషి దగ్గరికి వెళ్ళు. మీ తరానికి ఇది కష్టమైన పనని నాకు తెలుసు. అన్నీ స్క్రీను మీదే తేలిపోవాలనుకుంటారు. మ్యాపుల గదిలో మాత్రం క్యాటలాగుకు ఎక్కనిది చాలా ఉంటుంది. ఏ వరసలో ఏ షీటు లేదో, ఏవి దూరంగా గోదాములో ఉన్నాయో, పేరు తెలియని దాత ఇచ్చిన కట్టలో ఏముందో ఆ గది చూసేవాళ్ళకే తెలుస్తుంది. మామయ్య దగ్గర అర్బానాలో ఉన్నప్పుడు అక్కడి ఇల్లినాయ్ యూనివర్సిటీ మ్యాపుల లైబ్రరీలో చాలా మధ్యాహ్నాలు గడిపాను. అక్కడ నేను విద్యార్థినీ కాదు, పంతులునీ కాదు. అయినా అడిగిన షీటు తీసి బల్ల మీద పరిచారు. అడిగే పద్ధతి తెలిసి ఉంటే చాలు. ఆంధ్రా మ్యాపులున్నాయా అని అడగకు. అక్షాంశం ఇంత, రేఖాంశం ఇంత, 1955కు ముందు సర్వే అయిన టోపో షీట్లు కావాలి, అంగుళానికి మైలుదైతే మేలు, లేకపోతే రెండున్నర లక్షలది అని ఒక చీటీ మీద రాసి ఇవ్వు. ఆ చీటీ చూడగానే వాళ్ళకు నువ్వు పనిమీద వచ్చావని అర్థమవుతుంది. ముందు ఇండెక్సు షీటు తెస్తారు, గళ్ళు గళ్ళుగా ఉండి తమ దగ్గర ఉన్న గళ్ళను పెన్సిలుతో గుర్తు పెట్టి ఉంచుతారు. అది చూశాకే డ్రాయరు తీస్తారు.

ఇంటికి తెచ్చుకోవడం గురించి అడిగావు. ఇది ఒక్కో లైబ్రరీలో ఒక్కో తీరు. కొన్నిచోట్ల మామూలు టోపో షీట్లను విద్యార్థులకు పుస్తకంలాగే ఇస్తారు, కొన్ని రోజులకే ఇస్తారు. కొన్నిచోట్ల గదిలోనే చూసుకోమంటారు. పాతవీ, ఒకే ప్రతి ఉన్నవీ, చిరుగులున్నవీ ఎక్కడా బయటకి రావు, రాకూడదు కూడా. విడి షీట్లకు బార్‌కోడు లేక వాళ్ళు అప్పటికప్పుడు చీటీ రాసి ఇవ్వాల్సి రావచ్చు, అందుకని మూసే వేళకు వెళ్ళకు. వేరే యూనివర్సిటీలో ఉన్న షీటు కావాలంటే ఇంటర్‌లైబ్రరీ లోనులో మ్యాపు పంపడానికి చాలామంది ఇష్టపడరు, పోస్టులో నలిగిపోతుందని. అప్పుడు స్కాను పంపమని అడుగు. ఆర్మీ మ్యాప్ సర్వీసు షీట్లు అమెరికా ప్రభుత్వ ప్రచురణలు, వాటికి అక్కడ కాపీరైటు అడ్డం లేదు. సర్వే ఆఫ్ ఇండియా షీట్ల విషయం వేరు, వాటిని థీసిస్‌లో అచ్చు వేసే ముందు అనుమతి సంగతి అడిగి తెలుసుకో.

తెచ్చుకుంటే జాగ్రత్తగా చూసుకోవాలి. మడత పెట్టకు. వాళ్ళిచ్చే గొట్టంలో పెట్టుకునే తీసుకెళ్ళు, వాన పట్టిన రోజు అసలు తీయకు. బల్ల మీద కాఫీ కప్పు ఉండకూడదు, పెన్ను ఉండకూడదు, పెన్సిలు మాత్రమే. పెద్ద షీటును ఒక మూల పట్టి లాగితే మధ్యలో చిరుగుతుంది, రెండు చేతులా ఎదురెదురు మూలలు పట్టి లేపాలి. ఇవన్నీ పెద్దవాళ్ళ చాదస్తం అనుకోకు. ఆ షీటు నీ తర్వాత ఇంకెవరికో కావాలి.

ఇప్పుడు అసలు విషయం. షీటు చేతికి రాగానే అందరూ మధ్యలో ఊరి కోసం వెతుకుతారు. నువ్వు ముందు అంచులు చదువు. నా ఉద్యోగంలో కుర్ర ఇంజనీర్లకు నేను మొదట నేర్పింది ఇదే. అచ్చయిన సంవత్సరం ఒకటుంటుంది, సర్వే చేసిన సంవత్సరం ఇంకొకటి ఉంటుంది, రోడ్లు, రైలు మార్గాలు సరిదిద్దిన సంవత్సరం మూడోది. ఈ మూడింటి మధ్య ముప్ఫై నలభై ఏళ్ళ తేడా ఉండటం మామూలే. 1955లో అచ్చయిన షీటులో రోడ్లు 1950లవి కావచ్చు, వాగులూ చెరువులూ మాత్రం దానికి చాలా ముందు సర్వేవాళ్ళు గొలుసులు పట్టుకుని తిరిగిన నాటివి. నువ్వు 1955లో ఈ చెరువు ఉంది అని రాస్తే పొరపాటు, ఫలానా సర్వే నాటికి ఈ చెరువు ఉంది అని రాయాలి. జలశాస్త్రంలో ఆ తేడాతో లెక్కలే మారిపోతాయి. అమెరికా షీట్ల అంచున చిన్న బొమ్మ ఒకటి ఉంటుంది, షీటులో ఏ భాగం ఏ మూలం నుంచి తీసుకున్నారో, ఎంతవరకు నమ్మవచ్చో అందులో చూపిస్తారు. దాన్ని కాపీ చేసుకుని థీసిస్ అనుబంధంలో పెట్టు.

తర్వాత గుర్తుల పట్టిక. మన సర్వే షీట్లలో ఏడాది పొడవునా నీళ్ళుండే వాగు నీలి రంగు, ఎండిపోయేది నల్ల రంగు. చెరువు కట్ట పక్కన చిన్న అంకె, దాని వెంట ఆర్ అక్షరం ఉంటే అది కట్ట ఎత్తు. సర్వే బృందాలు వానలు వెలిశాకే బయలుదేరేవి కాబట్టి వాళ్ళు చూసింది ఎండుకాలపు నేలే అని మనసులో పెట్టుకో. ఒక మాట కొలతల గురించి కూడా. కాగితం తేమకు సాగుతుంది, ఎండకు కుంచించుకుంటుంది, జిరాక్సు తీస్తే స్కేలు మారిపోతుంది. అంచున రాసిన నిష్పత్తిని నమ్మి స్కేలుపట్టీతో కొలవకు. షీటు మీద అచ్చు వేసిన స్కేలు గీత కూడా కాగితంతోపాటే సాగుతుంది, దానితోనే కొలువు.

పేర్ల దగ్గర ఓపిక కావాలి. బెజ్వాడ, ఎల్లోరు, మసూలిపటాం, కొకనాడ, కడ్డపా అని ఉంటాయి. చిన్న ఊళ్ళ పేర్లు ఇంకా ఘోరంగా ఉంటాయి. తెలుగు రాని చెవి విని రాసుకున్నవి అవి. అక్కడున్న మిగతా విద్యార్థులకు లేనిది నీకు ఉంది. గట్టిగా చదివి చూడు, చాలా పేర్లు వాటంతటవే తేలిపోతాయి. తేలనివి నాకు రాసి పంపు, ఆ చుట్టుపక్కల మనుషులు నాకు ఇంకా ఉన్నారు.

మ్యాపును కంప్యూటర్‌లోకి ఎక్కించి ఇవాళ్టి ఉపగ్రహ చిత్రం మీద పెడతానన్నావు. పెట్టు. సరిగా కూర్చోకపోతే స్కానును తిట్టుకోకు. మన పాత షీట్లకు ఆధారం ఎవరెస్ట్ గోళాకృతి, నీ జి.పి.ఎస్. వాడేది డబ్ల్యు.జి.ఎస్. 84. రెండింటి మధ్య మన ప్రాంతంలో వంద మీటర్లకు పైగా జరుగుబాటు ఉంటుంది. సాఫ్ట్‌వేర్‌లో ఏ ఆధారం ఏదో సరిగా చెప్పు. ఆ ఎవరెస్ట్ అంటే కొండ పేరు ఎవరిదో ఆయనే, జార్జ్ ఎవరెస్ట్. లాంబ్టన్ 1802లో మద్రాసు దగ్గర సెయింట్ థామస్ మౌంట్ కింద ఆధారరేఖ కొలిచి మొదలుపెట్టిన పెద్ద సర్వేలో, 1818లో సహాయకుడిగా చేరింది మన హైదరాబాదులోనే. పందొమ్మిదో శతాబ్దపు అట్లాసు షీట్లు చేతికి వస్తే ఇంకో చిక్కు ఉంది. అప్పట్లో రేఖాంశం మద్రాసు అబ్జర్వేటరీ నుంచి లెక్కకట్టేవారు, ఆ విలువ తర్వాత సవరించారు. ఆ షీట్లలో రేఖాంశం కొన్ని నిమిషాలు తప్పుతుంది.

ఇంతకంటే వెనక్కి వెళ్ళాలనుకుంటే కాలిన్ మెకంజీ ఉన్నాడు. 1790లలో గుంటూరు సీమలో, నైజాములో సర్వే చేసి, 1815లో భారతదేశపు మొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు. మన కావలి సోదరులు బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి ఆయనకు కుడిభుజాలు. ఆ మ్యాపులు లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. హైదరాబాదు చెరువుల మీద పని చేసేవాళ్ళు 1908 మూసీ వరద తర్వాత లియొనార్డ్ మున్ చేయించిన నగర మ్యాపులు వెతుక్కుంటారు. నీ థీసిస్‌కు ఇవి అవసరం లేదు, ఉన్నాయని తెలిసి ఉంటే చాలు.

ఇంత పట్టు పట్టి ఎందుకు చెబుతున్నానంటే, నీ లోయకు కాగితం తప్ప వేరే సాక్ష్యం దాదాపు లేదు. సాగర్‌కు 1955 డిసెంబరులో శంకుస్థాపన జరిగింది, 1967 ఆగస్టులో కాలువలకు నీళ్ళు వదిలారు. ల్యాండ్‌శాట్ మొదటి ఉపగ్రహం ఎగిరింది 1972లో. అప్పటికే లోయ నీళ్ళలో ఉంది. అమెరికా గూఢచారి ఉపగ్రహం కరోనా 1960లలో తీసిన ఫొటోలు 1995లో బయటపెట్టారు, అవి కూడా వెతుకు, కానీ వాటి మీద ఊరి పేరు ఉండదు, వాగు పేరు ఉండదు. ఆ లోయలోని ఇక్ష్వాకుల విజయపురి శిథిలాలను 1926లో గుర్తించారు, మునిగే ముందు 1954 నుంచి 1960 దాకా తవ్వి తీశారు, కొన్నిటిని నాగార్జునకొండ మీదికీ, కొన్నిటిని అనుపుకూ తరలించారు. ఇక్ష్వాకుల ఇటుకలకు ఆ భాగ్యం దక్కింది. మనుషులున్న ఊళ్ళకు, వాళ్ళ చెరువులకు, చేలకు, దారులకు దక్కలేదు. కుడి కాలువ కింద పంట చూసి సంతోషించినవాణ్ణి నేను, ఆ నీళ్ళ మీద నా జీతం నడిచింది. ఆనకట్ట తప్పని నేను అనను. కానీ దాని కోసం ఏమి ఇచ్చుకున్నామో లెక్క రాసి ఉంచాల్సిన బాధ్యత ఇంజనీర్లమైన మనదే. ఆ లెక్క మొదలయ్యేది నువ్వు వెతుకుతున్న షీటు మీదే.

మా రోజుల్లో ఈ షీట్లు ఆఫీసులో తాళం వేసిన బీరువాలో ఉండేవి. రిజిస్టరులో సంతకం పెట్టి తీసుకుని సాయంత్రానికి అప్పజెప్పేవాళ్ళం. తీరం నుంచి ఎనభై కిలోమీటర్ల లోపు షీట్లు మామూలు మనుషులకు అమ్మేవారే కాదు, అంటే గుంటూరులో ఉన్నవాడికి గుంటూరు షీటు దొరికేది కాదు. 2005లో మ్యాపుల విధానం మార్చి, రక్షణ శాఖకు ఒక వరస, ప్రజలకు ఒక వరస అని విడదీశారు. 2017లో ఆ ప్రజల వరసను నక్షే పోర్టల్‌లో ఆధార్ నంబరుతో ఉచితంగా దించుకునే వీలు కల్పించారు. వాటి మీద నంబర్లు పాత 56, 65 కాదు, నువ్వు నేర్చుకున్న అంతర్జాతీయ పద్ధతే, ఈ 44 అని ఉంటుంది. ఇవాళ్టి పరిస్థితికి అవి వాడు, పాతదానికి మీ లైబ్రరీకి వెళ్ళు. నాకైతే ఈ మార్పు కళ్ళారా చూడగలిగినందుకు చాలా తృప్తిగా ఉంది. మ్యాపు ప్రజల డబ్బుతో తయారైంది, ప్రజల చేతిలోనే ఉండాలి.

ఇంకొక్క పని. థీసిస్‌లో వాడిన ప్రతి షీటుకూ నంబరు, ఎడిషను, సర్వే సంవత్సరం, ఏ లైబ్రరీలో చూశావో ఆ పేరు, నాలుగూ రాయి. నాగార్జున యూనివర్సిటీలోనో ఇంకెక్కడో రేపు ఇదే పని చేయబోయే పిల్లకు నువ్వు పడ్డ వెతుకులాట తప్పుతుంది. స్కాను చేయించిన షీట్లలో పంచుకోవడానికి అభ్యంతరం లేనివి ఇక్కడి కాలేజీ లైబ్రరీలకు కూడా పంపుదాం, ఆ ఏర్పాటు నేను చూస్తాను.

చలి మొదలైందట, జాగ్రత్త. సెమిస్టర్ పరీక్షల హడావుడి రాకముందే, ఈ వారంలోనే ఆ గదికి వెళ్ళు. వెళ్ళే ముందు అది ఏ వేళల్లో తెరిచి ఉంటుందో కనుక్కో. అక్షాంశ రేఖాంశాలు రాసిన చీటీ జేబులో పెట్టుకో. 56 పి బై 2, బై 3, బై 6, బై 7, ఈ నాలుగూ ఉన్నాయో లేవో నాకు రాయి. లేకపోతే వేరే ఏ యూనివర్సిటీలో అడగాలో నేను చెబుతాను.

ఇట్లు,
మీ తాతయ్య